రత్నగిరి మలుపులో ఆపిన కారు

నిడదవోలు,
9 మార్చి 1998.

తమ్ముడు సూర్యప్రకాశానికి,

దీవెనలు ముందే రాసేస్తున్నాను. కిందికి వెళ్ళేకొద్దీ ఈ నిదానం ఉండదు.

నిన్న రాజమండ్రిలో నా ఉపన్యాసం. పొద్దున్నే బయల్దేరాం. కొవ్వూరు దాటి గోదావరి వంతెన సగానికి వెళ్ళామో లేదో మీ బావగారి అంబాసిడర్ ముందు నుంచి ఆవిరి లేచింది. యజ్ఞగుండంలో కూడా అంత పొగ చూడలేదు నేను. డ్రైవరు సత్తిరాజు బండి పక్కకి తీశాడు. వంతెన మీద పక్క ఎక్కడుందిరా? వెనక లారీలు, బస్సులు, హారన్లు. కింద గోదావరి, పైన ఎండ, మధ్యలో నేను. అప్పుడే ధర్మసభ వాళ్ళ బస్సు మమ్మల్ని దాటి వెళ్ళింది. కిటికీలోంచి అప్పాజీ గారు తల బయటపెట్టి చూశారు.

అప్పాజీ గారు నీకు గుర్తుండకపోవచ్చు. మా ఊళ్ళో ధర్మసభకి అధ్యక్షులు. అయిదో తరగతి చదివిన ఆడది, గురువు లేనిది, పీఠమెక్కి శాస్త్రం చెప్పడమేంటని రెండేళ్ళుగా ఆయన బాధ. హాల్లో నా వంతు రాకముందే ఆయన మైకు పుచ్చుకుని, ఈవిడ కారు మూడుసార్లు బయల్దేరితే మూడుసార్లూ మరిగి ఆగిపోయింది, ఇది భగవంతుడి సూచన కాక మరేంటి అన్నారు. జనం నవ్వారు.

నాకు ఒళ్ళు మండింది. లేచి నిలబడ్డాను. రాజసభలో మహర్షుల ఎదుట నిలబడి ప్రశ్నలు అడిగిన ఆడవాళ్ళు పుట్టిన దేశమిది. వాళ్ళకి ఏ సభాధ్యక్షుడు అనుమతిచ్చాడు? అదే అడిగాను. అడిగి ఊరుకున్నా సరిపోయేది. ఊరుకోలేదు. వైశాఖ శుద్ధ ఏకాదశికి, అన్నవరం సత్యదేవుడి కళ్యాణం నాడు, ఇదే కారులో రత్నగిరి కొండెక్కి సత్రంలో ఉపన్యాసం చెబుతాను, దారిలో కారు ఆగితే ఆ రోజుతో పీఠం దిగిపోతాను అని మూడొందల మంది ముందు చెప్పాను.

కాబట్టి నాయనా, రెండు నెలలుంది. నువ్వు పాతికేళ్ళుగా నాగపూర్లో లారీల వర్క్‌షాపులో ఇంజిన్లు విప్పుతున్నావు. కారు ఎందుకు మరుగుతుందో రాయి. నేను వెనక్కి తగ్గడమనే మాట మాత్రం రాయకు.

అక్కయ్య
బాలాత్రిపురసుందరి


నాగపూర్,
16 మార్చి 1998.

అక్కయ్యకి నమస్కారాలు.

ఉత్తరం చదివి మా ఆవిడ, మీ అక్కయ్యగారు కారు గురించి రాశారా, యుద్ధం గురించి రాశారా అంది. రెండూ అన్నాను.

బండి చూడకుండా చెప్పడం కష్టం. అయినా అక్కడ ఉన్నట్టే అనుకుని రాస్తున్నాను, సత్తిరాజుకి చదివి వినిపించు. ఇంజిన్లో పెట్రోలు మండితే వేడి పుడుతుంది. ఆ వేడిని నీళ్ళు మోసుకొచ్చి ముందున్న రేడియేటర్లో పోస్తాయి. అక్కడ గాలి తగిలి నీళ్ళు చల్లబడి మళ్ళీ లోపలికి వెళతాయి. ఈ తిరుగుడు ఎక్కడ తెగినా బండి మరుగుతుంది. నీళ్ళు తక్కువైనా, రబ్బరు గొట్టం కారుతున్నా, రేడియేటరు మూత వదులైనా అంతే. ఫ్యాను తిప్పే బెల్టు సాగిపోతే ఫ్యాను బద్ధకిస్తుంది. నీటి పంపు పోయినా, థర్మోస్టాట్ అనే చిన్న తలుపు మూసుకుపోయినా నీళ్ళు కదలవు. ఇవేవీ కాకపోతే ఇంజిన్ పైభాగం కింద ఉండే అట్ట, హెడ్ గాస్కెట్. అది పోతే తెల్ల పొగ వస్తుంది, ఇంజిన్ ఆయిలు పాలు కలిపిన కాఫీలా అవుతుంది. అలా అయిందేమో పుల్ల ముంచి చూడమను.

ఒక్క సంగతి మాత్రం ప్రాణం మీదికి తెచ్చేది. మరుగుతున్నప్పుడు మూత తియ్యొద్దు. అరగంట ఆగాలి. వేడి ఇంజిన్ మీద చన్నీళ్ళు పొయ్యొద్దు, పగులుతుంది.

ఆ పందెం కట్టకుండా ఉంటే బాగుండేది. ఇక అనను.

నీ తమ్ముడు
సూర్యం


నిడదవోలు,
24 మార్చి 1998.

సూర్యానికి, ఉగాదికి నాలుగు రోజుల ముందే ఆశీస్సులు.

నీ ఉత్తరం సత్తిరాజుకి పురాణం చెప్పినట్టు చెప్పాను. బెల్టు వదులుగానే ఉంది, బిగించాడు. గొట్టాలు కొత్తవి వేయించాం. మూత మార్చాం. ఆయిల్లో పుల్ల ముంచితే నల్లగానే ఉంది. ఇక్కడి మేస్త్రీ ఆ థర్మోస్టాట్ని పీకి చేతిలో పెట్టాడు, ఈ ఎండలకి ఇది అక్కర్లేదండి అని. పంపు బాగానే తిరుగుతోందట.

అయినా శనివారం తణుకు వెళ్తుంటే మళ్ళీ మరిగింది. సత్తిరాజు కంగారులో మూత తియ్యబోతే చెయ్యి పట్టుకు లాగాను. నీ మాట వల్ల ఒకడి చెయ్యి దక్కింది.

నీళ్ళ సంగతి అడిగావు. అందులో లోటు లేదు. మామూలు నీళ్ళు పోస్తామని అనుకున్నావేమో. ప్రతి ప్రయాణానికీ ముందు సత్తిరాజు కొవ్వూరు రేవుకి వెళ్ళి బిందెడు గోదావరి నీళ్ళు తెస్తాడు. నేను సంకల్పం చెప్పి స్వయంగా పోస్తాను. ధర్మకార్యానికి వెళ్ళే బండి, పుణ్యతీర్థం తాగి వెళ్ళాలి కదా. మూడేళ్ళుగా ఇదే పద్ధతి.

అప్పాజీ గారు సభ పెట్టి తీర్మానం చేశారు. కారు ముందు నా పేరున్న బానరు కట్టుకు తిరగడం సభ గౌరవానికి భంగమట, దాన్ని వెంటనే తీసెయ్యాలట. తీర్మానం కాగితం నోటీసులా ఇంటికి పంపారు. నేను వెనక వైపు ఖాళీగా ఉంది కదా అని అందులోనే ఆవకాయ కొలతలు రాసుకున్నాను.

అక్కయ్య


నాగపూర్,
2 ఏప్రిల్ 1998.

అక్కయ్యా,

నమస్కారం. కాళ్ళకి దణ్ణం పెట్టి మరీ అడుగుతున్నాను, ఆ గోదావరి నీళ్ళు ఆపు. వరద రోజుల్లో గోదావరి ఎర్రగా ఎలా ఉంటుందో నీకు నేను చెప్పాలా? మూడేళ్ళుగా ఆ ఒండ్రంతా రేడియేటర్లో పేరుకుంటోంది. అందులో సన్న గొట్టాలు వడ్లగింజ పట్టేంత కూడా ఉండవు. గంగమ్మని తల మీద మోసిన శివుడికి జడలున్నాయి, వడగట్టుకున్నాడు. రేడియేటరుకి లేవు.

మేస్త్రీ చేత రేడియేటరు ఊడదీయించి తిరగేసి కడిగించు. కాచి చల్లార్చిన నీళ్ళు పోయండి. తీర్థం కావాలంటే స్టీరింగు మీద చల్లు.

అప్పాజీ గారి అల్లుడు ఇక్కడే బ్యాంకులో పనిచేస్తున్నాడు. మొన్న తెలుగువాళ్ళ ఉగాదిలో కలిశాడు. మామగారు మంచివారేనండి, మీ అక్కగారే పట్టు విడవరు అన్నాడు. మా అక్క అంతేనండి అన్నాను.

సూర్యం


నిడదవోలు,
12 ఏప్రిల్ 1998.

సూర్యానికి,

కడిగించాం. ఎర్ర బురద బకెట్టు నిండా వచ్చింది. మేస్త్రీ, ఇందులో వరి నాటొచ్చండి అన్నాడు. నాకు నవ్వు రాలేదు. అమ్మ గోదావరి తప్పు లేదు, ఆమెని ఇనప డబ్బాలో బంధించిన నాది తప్పు. ఒప్పుకున్నాను. ఇంత త్వరగా నేను ఒప్పుకున్న తప్పు ఇదొక్కటే, రాసి పెట్టుకో.

మొదట్లో బాగుంది. ఊళ్ళో తిరిగితే వేడి చూపే ముల్లు మధ్యలోనే నిలబడింది. నిన్న అనపర్తిలో సభకి వెళ్ళాం. రాజమండ్రి దాటాక ముల్లు పైకి. ఊరి పొలిమేరలో మళ్ళీ ఆవిరి. సత్తిరాజుకి ఏడుపొక్కటే తక్కువ. అతను పద్దెనిమిదేళ్ళుగా ఈ బండి నడుపుతున్నాడు, తన తప్పేనని ఊరంతా అంటున్నారట. నేను నడిచి సభకి వెళ్ళి రెండు గంటలు చెప్పాను. పాలసముద్రం చిలికితే మొదట వచ్చింది అమృతం కాదు, విషం. అక్కడ చిలకడం ఆపినవాళ్ళకి ఏం దక్కేది? అదే చెప్పాను.

తన అల్లుడు నీతో నన్ను గురించి మాట్లాడాడని అప్పాజీ గారు రేవులో అందరికీ చెబుతున్నారు. తమ్ముడే అక్క మొండిదన్నాడట. అన్నావా?

ఇంకా పాతిక రోజులుంది. నీ కళ్ళతో చూస్తేగాని తేలదని సత్తిరాజు అంటే, ఉగాదినాడు గుడి ముందు తీసిన ఫోటో పెడుతున్నాను. కారు పూర్తిగా కనపడుతుంది. పక్కన నేను కాస్త లావుగా పడ్డాను, అది పట్టించుకోకు.

అక్కయ్య


నాగపూర్, 20-4-98 (కార్డు)

అక్కయ్యకి. ఫోటో అందింది. షిఫ్టుకి పోతూ రాస్తున్నా. ఆ బానరు వెంటనే తీసెయ్. మొత్తం గొడవకి అదే కారణం. వివరంగా కవరు రాస్తాను. – సూర్యం


నిడదవోలు,
25 ఏప్రిల్ 1998.

సూర్యప్రకాశం గారికి,

మీ కార్డు అందింది. నాకంటే ముందు ఊరికి అందింది. కార్డు కదా, పోస్టాఫీసులో ఇద్దరు, సందు చివర కొట్లో నలుగురు చదివాక మా ఇంటికి వచ్చింది. సాయంత్రానికి అప్పాజీ గారు సభలో ప్రకటించారు, ఆవిడ సొంత తమ్ముడే బానరు తీసెయ్యమని రాశాడు, గొడవకి కారణం అదేనని కూడా ఒప్పుకున్నాడు అని. చప్పట్లు కొట్టారట.

ఆయన అల్లుడు నీకేం పెట్టాడురా? ఒక కాఫీయా, రెండా?

మర్చిపోయి ఉంటావు. నీకు పద్దెనిమిదేళ్ళప్పుడు జంధ్యం వేసుకున్నవాడు గ్రీజు చేతులతో బతుకుతాడా అని నాన్నగారు నిన్ను గడప తొక్కనివ్వలేదు. అప్పుడు వీధిలో నిలబడి పనిముట్టు పట్టిన చెయ్యి హోమం చేసే ఏ చేతికీ తీసిపోదని నాన్నగారితో వాదించింది ఎవరు? నాకు అప్పటికి శాస్త్రం ఒక్క ముక్క తెలియదు. నీ కోసమే చదవడం మొదలెట్టాను. ఆయన చెప్పేది పుస్తకాల్లో నిజంగా ఉందో లేదో చూద్దామని. లేదు.

ఆ బానరు ఎవరో కట్టింది కాదు. టార్పాలిన్ గుడ్డ కొని, చుట్టూ అంచు కుట్టి, అక్షరాలు నేనే వేశాను. నలభై ఏళ్ళు ఫలానావారి కూతుర్ని, ఫలానావారి భార్యని. నా పేరు పెద్ద అక్షరాల్లో రాసి ఉన్న చోటు లోకంలో అదొక్కటే. తియ్యను. బానరుతోనే కొండెక్కుతాను. మీ సలహాలకి కృతజ్ఞతలు.

బాలాత్రిపురసుందరి


నాగపూర్,
30 ఏప్రిల్ 1998.

అక్కయ్యా,

దీన్ని కార్డు మీద రాయలేదు చూడు. రిజిస్టర్ చేశాను. ఒక్క పేజీ చదివి చించకు.

కార్డు రాసేటప్పుడు నాకు అప్పాజీ గారూ గుర్తులేరు, తీర్మానం సంగతీ గుర్తులేదు. నువ్వు రాశావు, నిజమే. ఆవకాయ కొలతల దగ్గర నవ్వుకుని బానరు మాట మర్చిపోయాను. బానరంటే రెండు కర్రలకి కట్టి నెత్తి మీద పెడతారనుకున్నాను. రెండు నెలలు నువ్వు బెల్టు గురించి రాశావు, గొట్టం గురించి రాశావు, తీర్థం గురించి రాశావు. ఆ గుడ్డ ఎంత మేర కప్పేసిందో ఒక్కసారీ రాయలేదు. నీ లెక్కలో అది కారులో భాగం కాదు కదా.

ఫోటో చూశాను. బానెట్టు అంచు నుంచి బంపరు దాకా మందపాటి టార్పాలిన్. దాని మీద బంతిపూల దండలు నాలుగు వరసలు. ముందున్న జాలీ ఒక్క వేలు వెడల్పు కూడా కనపడటం లేదు. అక్కయ్యా, రేడియేటరు ముక్కు ఆ జాలీయే. నువ్వు దాని ముక్కు మూసి పరిగెత్తించావు. ఊళ్ళో నెమ్మదిగా తిరిగితే ఓర్చుకుంది, దూరం వెళితే ఓర్చుకోలేకపోయింది. ప్రాణాయామం గంట సేపు చెబుతావు, కారుకి మాత్రం శ్వాస అక్కర్లేదనుకున్నావు. బెల్టు, బురద కూడా నిజమే, కాని అసలు తప్పు ఇది. సత్తిరాజు తప్పు రవ్వంత లేదని అతనితో చెప్పు.

నీ పేరు తీసెయ్యమనలేదు నేను. గాలి దారిలోంచి తీసెయ్యమన్నాను. పైన కట్టుకో, పక్కన కట్టుకో.

గడప బయట నిలబెట్టిన రోజు మర్చిపోయానా? పాతికేళ్ళుగా చేతులు కడుక్కున్న ప్రతిసారీ గుర్తొస్తుంది.

ఇంకొకటి. కళ్యాణం రోజున కొండ మీద జనం. బండ్లు చీమల్లా కదులుతాయి. నడినెత్తిన ఎండ, మొదటి గేరు, ఎదురుగాలి లేదు. బాగున్న బండి కూడా అక్కడ వేడెక్కుతుంది. ముల్లు ఎర్ర గీత దగ్గరికి వస్తే పంతానికి పోకు. పక్కకి ఆపించు, బానెట్టు ఎత్తించు. అలాగే లాగిస్తే ఇంజిన్ హెడ్డు వంగిపోతుంది, బావగారి బండి మళ్ళీ లేవదు. ఆపితే పందెం ఏమవుతుందో నాకు తెలుసు. నిర్ణయం నీది. నేను ఇంజిన్ గురించి మాత్రమే చెప్పగలను.

సూర్యం


నిడదవోలు,
9 మే 1998.

నా తమ్ముడు సూర్యానికి,

నిన్ను గారు అని రాసినందుకు క్షమాపణ ముందు. తప్పులు ఒప్పుకోవడం నాకు అలవాటు చేస్తున్నావు, ఈ వయసులో ఇది మంచిదో కాదో.

బానరు ముందు నుంచి విప్పించాను. వెనక డిక్కీకి కట్టించాను. ఏకాదశి పొద్దున్న బయల్దేరితే, సాక్ష్యం చూడటానికి అప్పాజీ గారు జీపులో మా వెనకే వచ్చారు. పాపం, ఆయన నిడదవోలు నుంచి అన్నవరం దాకా నా పేరు చదువుకుంటూనే వచ్చారు. వంతెన దాటాం. జగ్గంపేట దాటాం. ముల్లు మధ్యలో అలాగే కూర్చుంది. సత్తిరాజు మీసం మీద చెయ్యి వేసుకోవడం నేను మొదటిసారి చూశాను.

రత్నగిరి ఘాటురోడ్డు మొదలైంది. రెండో మలుపులో పైన ఒక బస్సు అడ్డం తిరిగి ఆగింది. వెనకా ముందూ బండ్లు. పది అడుగులు కదలడం, ఆగడం. ముప్పావుగంట అలా అయ్యాక ముల్లు లేవడం మొదలెట్టింది. ఎర్ర గీతకి వెంట్రుకవాసి దూరంలోకి వచ్చేసరికి దారి తెరుచుకుంది. ఎదురుగా నిట్టనిలువు ఎక్కుడు.

సత్తిరాజు నా వంక చూశాడు. "అమ్మగారూ, లాగేస్తే ఎక్కేస్తుందండి. తరవాత దీని సంగతి చెప్పలేనండి. ఆపమంటే ఆపుతాను."

నీ ఉత్తరం నా ఒళ్ళోనే ఉంది. వెనక జీపులో అప్పాజీ గారు మెడ సాచి చూస్తున్నారు. రెండు నెలల పంతం, మూడేళ్ళ పీఠం, అన్నీ ఆ ఎక్కుడు పైన ఉన్నాయి. అప్పుడు నాకు ఒక సంగతి తోచింది. కారు మరిగితే దేవుడు నన్ను వద్దన్నట్టని ఆయనన్నారు. నేనేమన్నాను? కారు ఎక్కితే దేవుడు నన్ను కావాలన్నట్టని అన్నాను. ఇద్దరం ఒకటే చేశాం. ఆయన ఓ వైపు, నేను ఓ వైపు, భగవంతుణ్ణి ఆ నీళ్ళ డబ్బాలో కూర్చోబెట్టి పందెం కాశాం.

"ఆపెయ్ సత్తిరాజూ" అన్నాను.

దిగాను. అప్పాజీ గారు అప్పటికే జీపు దిగి వచ్చేశారు.

"ఆగిందండి సుందరమ్మగారూ. అందరం చూశాం."

"ఆగిందండి. నేనే ఆపమన్నాను."

"ఎవరు ఆపితే ఏంటండి, ఇచ్చిన మాట మాటే కదా."

"ఆ మాట తప్పుతున్నానండి. ఎందుకు తప్పుతున్నానో పైన చెబుతాను, వినడానికి రండి."

నేను ఏ సాకో చెబుతానని ఆయన తయారై వచ్చినట్టున్నారు.

సత్తిరాజుని బండి దగ్గర ఉండమని, మూత ముట్టుకోవద్దని చెప్పి నడిచాను. నా మోకాళ్ళ సంగతి నీకు తెలుసు. మధ్యలో రెండు చోట్ల కూర్చున్నాను. జనంలో ఎవరో ముసలావిడ కొబ్బరినీళ్ళు ఇచ్చింది. సత్రానికి వెళ్ళేసరికి చీర తడిసి ముద్దయింది. నాకంటే ముందే కబురు వెళ్ళింది. రెండు వందల మంది ఉన్నారు, అందరి చూపూ నా కాళ్ళ మీదే.

పీఠం మీద కూర్చోగానే మొదటి మాటగా చెప్పాను. కారు ఆగితే మాట్లాడనని మీలో కొంతమంది ఎదుట మాటిచ్చాను, ఆగింది, మాట్లాడుతున్నాను, మాట తప్పిన మనిషి నోట శాస్త్రం వినడం ఇష్టం లేనివాళ్ళు లేచి వెళ్ళిపోవచ్చు. సత్యదేవుడి కొండ మీద అబద్ధమాడనని, కారు పైదాకా ఎక్కి ఉన్నా అది నాకు దేవుడిచ్చిన పత్రం కాదని, ఆ మాట ఇవ్వడమే నా తప్పని, దాన్ని నిలబెట్టుకుంటే తప్పు రెండింతలవుతుందని చెప్పాను. నన్ను ఎవరూ పీఠం ఎక్కించలేదు కనక ఎవరూ దించలేరని, నాకు నేనుగా కూడా దించుకోలేనని చెప్పాను.

డెబ్బై మందో ఎనభై మందో లేచిపోయారు. కుర్చీల చప్పుడు చాలాసేపు వినపడింది. నేను అది ఆగేదాకా ఆగి మొదలుపెట్టాను. మిగిలినవాళ్ళు గంటన్నర కదలకుండా కూర్చున్నారు. అప్పాజీ గారు కూర్చోలేదు, వెళ్ళలేదు, స్తంభానికి ఆనుకుని చివరిదాకా నిలబడ్డారు. నేను చెబుతుండగానే సత్తిరాజు బండి చల్లార్చుకుని పైకి తెచ్చి సత్రం వాకిట్లో పెట్టాడట. తిరిగి ఎవరూ చూడలేదు.

నిన్న ధర్మసభ మళ్ళీ తీర్మానం చేసింది. మాట తప్పిన మనిషికి వాళ్ళ హాలూ, వాళ్ళ మైకూ ఇక ఇవ్వరట. వాళ్ళ దృష్టిలో అది న్యాయమే, నేను కాదనను. హాలు వాళ్ళది. రాజమండ్రి నుంచి పిలిచేవాళ్ళు కూడా కొంతమంది వెనక్కి తగ్గారు. ఇది నేను పోగొట్టుకున్నదే, దాచడమెందుకు.

సోమవారం సాయంత్రం ఇక్కడ రైల్వే క్వార్టర్లలో ఆడవాళ్ళు పిలిచారు. హాలు లేదు, మైకు లేదు, ఎవరి వాకిట్లోనో చాప వేస్తారట. అరిచి చెప్పాలి, చెబుతాను. నడిచే దూరమే.

మీ ఆవిడకి నా ఆశీస్సులు. ఇది యుద్ధం గురించే రాశానని చెప్పు.

నీ
సుందరక్కయ్య